సీసం ఎక్కడికి పోయింది

ఒక కాలు చెప్పులో, ఒక కాలు గడప లోపల. నన్ను తలుచుకుంటే అమ్మకు ఎప్పుడూ ఈ బొమ్మే కళ్ల ముందుకొచ్చేదట. నేను కూర్చుని అన్నం తిన్న రోజులు తక్కువ. మొఘల్‌పురాలో మా అద్దె ఇంటి వాకిట్లో నిలబడే నాలుగు ముద్దలు మింగి, చెయ్యి కడుక్కుంటూనే చెప్పుల కోసం వెతుక్కుని, బస్సుకు పరుగెత్తేదాన్ని. "కూసొని తింటె నీ సొమ్మేం బోతదే? ఎవడన్న తరుముతున్నడా నిన్ను?" అని అమ్మ వెనక నుంచి కేకేసేది. ఎవడూ తరమలేదు. నా పుట్టుబుద్ధే అంత. ఆ తొందరలోనే ఒకరోజు గడప మీద నిలబడి అమ్మతో రెండు ముక్కలు అన్నాను. ఆ రెండు ముక్కల సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. రాయడానికి కూర్చున్నాక కూడా మూడుసార్లు లేచి వంటింట్లోకి వెళ్లొచ్చాను.

డెబ్బైల చివరి మాట. మా బాపుకు అఫ్జల్‌గంజ్‌లో బ్యాటరీల దుకాణం ఉండేది. దుకాణం అంటే పెద్దగా ఊహించుకోవద్దు, ఇద్దరు మనుషులు పక్కపక్కన కూర్చుంటే మూడోవాడు రోడ్డు మీద నిలబడాలి. లారీలవీ బస్సులవీ చచ్చిన బ్యాటరీలు అక్కడికి వచ్చేవి. బాపు పైన ఉన్న డాంబర్ కరిగించి మూత తీసి, లోపలి ఆసిడ్ వంచేసి, సీసం పలకలు బయటికి లాగేవాడు. పనికొచ్చే పలకలు కడిగి మళ్లీ బిగించేవాడు, పనికిరానివి కరిగించి పోతపోసేవాడు. ఆయన బనియన్లన్నీ ఆసిడ్ చుక్కలు పడి జల్లెడలైపోయాయి. అరచేతుల గీతల్లో బూడిద కలిసిన నలుపు ఇంకిపోయింది. దసరా నాడు కుంకుడుకాయ రసంతో ఎంత రుద్దినా ఆ నలుపు కదిలేది కాదు.

దుకాణంలో నల్లా లేదు. అందుకని కడగాల్సిన పలకలను గోనెసంచిలో వేసి, సైకిల్ వెనక కట్టుకుని ఇంటికి తెచ్చేవాడు. ఆదివారం పొద్దున వాకిట్లో బట్టల బండ మీద వాటిని కడిగేవాడు. బూడిద రంగు నీళ్లు బండ మీది నుంచి జారి, వాకిలి సగం చుట్టి, మోరీలో పడేవి. చిన్నప్పుడు ఆ నీళ్లల్లో అక్కా నేనూ కాగితం పడవలు వదిలాం. అవి తడిసి మునిగిపోతే ఏడ్చాం కూడా.

అప్పుడు నేను యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చదువుతున్నాను, సూక్ష్మజీవుల శాస్త్రం. మా ఇంట్లో ఆ పేరు ఎవరికీ నోరు తిరగదు. "మా పిల్ల పురుగుల సదువు సదువుతది" అని అమ్మ గల్లీ అంతా చెప్పేది. ప్రాజెక్టు ఏం చేయాలో తేలక నేను కాలుగాలిన పిల్లిలా ల్యాబంతా తిరుగుతుంటే, మా సార్ ఒకరోజు విసుక్కున్నారు. ఆయనది కోస్తా వైపు, మాట మెత్తన, విసుగు మాత్రం గట్టిది. "అందరూ పెరుగులోనూ పిండిలోనూ వెతుకుతారమ్మా. నువ్వు ఏ ప్రాణీ బతకకూడని చోటికి వెళ్లి, అక్కడ ఏం బతుకుతోందో చూడు" అన్నారు. అట్లాంటి చోటు నాకు వెతుక్కునే పని లేదు. మరునాడే బాపు దుకాణం వెనక మోరీలోంచి చెంచాతో ఇంత జిగురు తీసి, టిఫిన్ డబ్బాలో పెట్టుకుని బస్సెక్కాను. పక్కన కూర్చున్న ఆవిడ ముక్కు మూసుకుని లేచి వేరే సీటుకు పోయింది.

ఆ జిగురులో బతికేవి ఉన్నాయి! సీసం కలిపిన గాజు పళ్లాల మీద మిగతా బాక్టీరియా అంతా చచ్చి ఊరుకుంటే, ఒక జాతి మాత్రం సగ్గుబియ్యం గింజల్లా చుక్కలు చుక్కలుగా పైకి తేలింది. వాటిని సీసం కలిపిన నీళ్లలో పెంచి, మర్నాడు ఆ నీళ్లను పరీక్ష చేశాను. పరీక్ష చాలా సులువు. నీళ్లలో సీసం ఉంటే పొటాషియం అయోడైడ్ చుక్క పడగానే పసుపు కలిపినట్టు అవుతుంది. వేడి చేస్తే ఆ పసుపు మాయం, చల్లారితే బంగారు రేకులై మిలమిలా రాలుతుంది. డిగ్రీలో ఆ పరీక్ష చేయించినప్పుడు ఆడపిల్లలమంతా ఎగబడి చూశాం. ఇప్పుడు చుక్క వేశాను, ఏ రంగూ రాలేదు. ఇంకో చుక్క వేశాను. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి. ల్యాబులో గట్టిగా అరిచాను.

సార్ వచ్చి చూసి, నవ్వకుండా ఒక్కటే అడిగారు. "బాగుంది. సీసం ఎక్కడికి పోయింది?"

"తినేసింది సార్."

"తినడమేమిటి, పులిహోరా? బెల్లం తింటే అది కరిగి ఒంటికి బలమవుతుంది. సీసం దేనికి కరుగుతుంది? లోహం ఎప్పటికీ లోహమే. ఎక్కడుందో వెతికి చూపించు."

వెతికాను. నీళ్లను గిర్రున తిప్పే యంత్రంలో వేస్తే, బాక్టీరియా అంతా గొట్టం అడుగున ఆవగింజంత ముద్దయింది. ఆ ముద్దను ఆసిడ్‌లో కరిగించి చుక్క వేశాను. పసుపు! వేడిచేసి చల్లార్చాను. బంగారు రేకులు. నీళ్లలోంచి పోయిన సీసమంతా అందులో కూర్చుని ఉంది. సార్ బోర్డు మీద ఒక గుండ్రటి గీత గీసి, లోపల ఒక మూలన నల్లచుక్క పెట్టారు. "కొంత దీని గోడకే అంటుకుంటుంది. కొంత లోపలికి పోతుంది. పోయినదాన్ని ఇది ఫాస్ఫేటుతో కట్టి, గింజ చేసి, తనకు తగలకుండా మూలన పెట్టుకుంటుంది. బాక్టీరియా రేపు చచ్చిపోతుంది, గింజ మాత్రం చావదు. ఇది గుర్తుపెట్టుకో, మిగతాదంతా పరీక్ష కోసం" అన్నారు. గుర్తు పెట్టుకున్నాను. నోట్సులో రెండుసార్లు గీత కూడా గీశాను.

సరిగ్గా ఆ నెలలోనే అక్క రెండో కాన్పుకు మా ఇంటికి వచ్చింది. వెంట రెండున్నరేళ్ల కూతురు. ఆ పిల్ల వచ్చిన పూటే బాపును పట్టేసుకుంది. ఆయన దుకాణం నుంచి వచ్చి సైకిల్ స్టాండు వేసేలోపే కాళ్లకు చుట్టుకునేది. "ఆగు బిడ్డా, చేతులు గడుక్కోని" అని ఆయన సబ్బుతో ఒకసారి, బూడిదతో ఒకసారి, మళ్లీ సబ్బుతో ఒకసారి కడుక్కుని, అప్పుడు ఎత్తుకునేవాడు. ఒక సాయంత్రం భుజం మీద కూర్చోబెట్టుకుని లాడ్ బజార్ తీసుకుపోయి, పిల్ల చేతికి పట్టే చిన్న లక్క గాజులు వెతికి వెతికి కొన్నాడు. మాకు ఆ వయసులో ఆయన గాజులు కొన్న గుర్తు లేదు. నేను ఆ మాట అంటే "అప్పుడు పైసల్లేవ్, తీరిక లేదు. గిప్పుడన్న గొననియ్యవా?" అని నవ్వాడు.

ఆ తర్వాతి ఆదివారం బాపు పలకలు కడుగుతుంటే ఆ పిల్ల బూడిద నీళ్లలో చతికిలబడి రెండు చేతులతో తపతపా కొట్టింది. సీసం పసిపిల్లల ఒంట్లో చేరితే ఏం చేస్తుందో అప్పటికే పుస్తకాల్లో చదివి ఉన్నాను. రక్తం తగ్గిపోతుంది, పేగులు మెలిపడతాయి, బుద్ధి మందగిస్తుంది. పిల్లను రెక్క పట్టి లాగి, బాపు మీదకు లేచాను.

"బాపూ, ఈ పని ఇంట్ల వద్దు. పిల్ల తిరిగే జాగ ఇది."

"ఇరవై ఏండ్ల సంది గిదే బండ మీద కడుగుతున్న. మీరిద్దరు గీ వాకిట్లనే పెరిగిన్రు. ఏమైంది? ఎమ్మెస్సీ దాక పోయినవ్ గదనే."

"మేం బతికినమని అందరు బతుకుతరా?"

"మరి దుకాణంల నల్లా ఏడుంది బిడ్డా? మూసీల కడుగుమంటవా?"

మూసీ ఆ ఎండాకాలంలో మోరీ కంటే ఘోరంగా ఉంది. నేను వాకిట్లో అటూ ఇటూ పచార్లు చేసి, చివరికి నా దృష్టిలో గొప్ప ఆలోచన ఒకటి చేశాను. పైభాగం కోసేసిన నూనె డ్రమ్ము ఒకటి తెప్పించాను. కడిగిన నీళ్లు వాకిట్లో పారకుండా అందులో పోయించాను. సున్నం వేసి ఆసిడ్ పులుపు చంపి, ల్యాబు నుంచి సెలైన్ సీసాలో తెచ్చిన నా బాక్టీరియాను అందులో వదిలాను. వాటికి తిండి కావాలి కాబట్టి రోజూ ఇంత బెల్లం, ఇంత గంజి పోయాలని అమ్మకు అప్పజెప్పాను.

అమ్మకు ఎవరికైనా తిండి పెట్టే పని ఇస్తే చాలు. పొద్దున గంజి వంచగానే "నీ పురుగులకు పెట్టినంకనే మాకు" అనేది. ఒకరోజు బెల్లం నిండుకుంటే పక్కింటి నుంచి బదులు తెచ్చి మరీ వేసింది. వారం తిరిగాక డ్రమ్ము మీది తేట నీళ్లను ల్యాబుకు తీసుకెళ్లి చుక్క వేస్తే రంగు రాలేదు. సార్‌కు చెప్పాను. సున్నం వల్లే సగం దిగిపోయి ఉంటుంది, అంత ఎగరకు అన్నారు. నేను ఎగిరాను. బాపు దుకాణం పక్కన టైర్లు అతికే భాయ్‌ని వెంటబెట్టుకొచ్చి, "మా బిడ్డ పెంచిన పురుగులు భాయ్! సీసాన్ని గుటుక్కున మింగుతయి" అని చూపించాడు. ఆయన డ్రమ్ములోకి తొంగి చూసి "మాషా అల్లా, క్యా దిమాగ్ పాయీ బేటీ" అన్నాడు. మూడు రోజులు నా కాళ్లు నేల మీద ఆనలేదు. అబద్ధం ఎందుకు, బాపు మింగుతాయని చెబుతుంటే నేను సరిదిద్దలేదు. సార్ మాట నాకు తెలుసు. కానీ ఆ పూట ఆ పొగడ్త చెడగొట్టుకోబుద్ధి కాలేదు.

అక్కకు కొడుకు పుట్టాడు. పురిటి ఇల్లు కదా, కాయం, పథ్యం, వేన్నీళ్లు, వచ్చేపోయే చుట్టాలు, ఒకటే లొల్లి. పెద్దపిల్లను పట్టించుకునే తీరిక ఎవరికీ లేదు. అది వాకిట్లో ఒక్కతే ఆడుకునేది. నాకేమో సెమినార్ ముంచుకొస్తోంది. ఆ పొద్దున పటాలు చుట్టి చంకన పెట్టుకుని, ఒక చెప్పు తొడిగి, రెండోది గడప కింద వెతుకుతున్నాను.

అమ్మ డ్రమ్ము దగ్గర నిలబడి అడిగింది. "ఏమే, గీ డ్రమ్ముల మడ్డి జానెడు పేరుకున్నది. నీళ్లకు జాగ లేదు. ఏం జెయ్యాలె?"

బస్సు వచ్చే వేళ. చెప్పు దొరికింది.

"చెట్లకెయ్!" అన్నాను. పరుగెత్తాను.

అదే రోజు మధ్యాహ్నం, సీసం బాక్టీరియా ఒంట్లో ఎక్కడెక్కడ దాగి ఉంటుందో పటాలు పెట్టి ముప్పావు గంట మాట్లాడాను. బాక్టీరియా చచ్చినా గింజ చావదని సార్ మాటను నా మాటగా చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఎక్కడా, ఒక్క క్షణం కూడా, మా వాకిలి గుర్తు రాలేదు. ల్యాబులో తెలిసిన ముక్క ఇంటికొచ్చేసరికి ఎందుకు తెలియకుండా పోయిందని ఎన్నిసార్లు నన్ను నేను తిట్టుకున్నానో లెక్కలేదు. ఏం చదువు అది? మట్టి కొట్టుకుపోయిన చదువు.

మా ఇంట్లో చెట్లంటే పెద్దగా ఏం లేవు. పగిలిన సిమెంటు తొట్టిలో పుదీనా ఒక్కటే. అమ్మ ఏదీ పారేసే మనిషి కాదు. బియ్యం కడిగిన నీళ్లు, టీ పొడి పిప్పి, గుడ్డు పెంకులు అన్నీ దానికే. ఈ మడ్డి సంగతి ఆమెకు ఇంకా తేలిక. మేక గడ్డి తింటే ఎరువొస్తుంది. పురుగులు బెల్లమూ గంజీ తిని, సీసం కూడా మింగాక అడుగున మిగిలేది ఎరువు కాక ఇంకేముంటుంది? పైగా ఎమ్మెస్సీ చదివే కూతురు వెయ్యమంది. మూడు తట్టలు ఎత్తి తొట్టిలో వేసింది. పుదీనా గుబురుగా వచ్చింది కూడా.

నెల తిరిగేలోపు పిల్ల తిండి మానేసింది. కడుపు పట్టుకుని మూలన ముడుచుకుని పడుకునేది. మూడు నాలుగు రోజులకొకసారి గానీ దొడ్డికి కూర్చునేది కాదు. ముట్టుకుంటే ఏడుపు. బుగ్గలు పాలిపోయాయి. తమ్ముడు పుట్టినందుకు అలిగిందని చుట్టాలన్నారు. అమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది, మౌల్వీ సాబ్ దగ్గర తాయెత్తు మంత్రించి తెచ్చింది. గల్లీ చివరి డాక్టర్ నులిపురుగులని మందిచ్చాడు. ఏదీ పనిచేయలేదు. బాపు దుకాణం నుంచి తొందరగా వచ్చి, చేతులు కడుక్కుని, పిల్లను ఒళ్లో పెట్టుకుని పొట్ట మీద ఆముదం రాసేవాడు. ఆ పిల్ల ఆయన ఒళ్లోనే కాస్త ఊరుకునేది. నేను మాత్రం ఒక్కచోట నిలవలేక వాకిలికీ వంటింటికీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. ఏదో తెలిసీ తెలియనట్టు, ఒక పురుగు లోపల తొలుస్తూనే ఉంది.

ఒకరోజు బస్సు తప్పిపోయింది. ఇంకో బస్సుకు గంట టైముంది. తిరిగొచ్చి, ఎన్నాళ్లకో వాకిట్లో మెట్టు మీద కూర్చున్నాను. కూర్చుంటే కనిపించింది. పిల్ల పుదీనా తొట్టి పక్కన గొంతుక్కూర్చుని, వేలు మట్టిలో గుచ్చి, తీసి నాకుతోంది. మళ్లీ గుచ్చి, మళ్లీ నాకుతోంది. అలవాటైన పని చేసినట్టు, తొందర లేకుండా చేస్తోంది.

"ఏం దింటున్నవే?" అన్నాను.

"మన్ను" అని నల్లబడ్డ పళ్లు చూపించి నవ్వింది.

వంటింట్లోంచి అమ్మ అంది. "పిల్లలు మన్ను తినక మిన్ను తింటరా? ఏం గాదు తియ్. గది మంచి మన్నే. నువ్వు జెప్పినట్టే డ్రమ్ముల మడ్డంత గా తొట్లనే ఏసిన."

పిల్ల నోట్లో వేలు పెట్టి మట్టంతా తుడిచాను, అది నా వేలు కొరికింది. తొట్టిలోంచి గుప్పెడు మట్టి కాగితంలో పొట్లం కట్టాను. పిల్ల వేలు సూదితో గుచ్చి గాజు పలక మీద ఒక రక్తపు చుక్క పూశాను. "ఏం జేస్తున్నవే, పసిదాన్ని పట్టుకోని!" అని అమ్మ అరుస్తుంటే వినిపించుకోకుండా బయటపడ్డాను.

మట్టిని ఆసిడ్‌లో నానబెట్టి వడగట్టి చుక్క వేశాను. పసుపు. వేడి చేసి నల్లా కింద పట్టుకున్నాను. గొట్టం నిండా బంగారు రేకులు తళతళా రాలాయి. ఎంత ఇష్టంగా చూసిన పరీక్ష! ఆ రోజు గొట్టం పగలగొట్టాలనిపించింది. తర్వాత రక్తపు పలకకు రంగేసి మైక్రోస్కోపు కింద పెట్టాను. ఎర్ర కణాల్లో నీలం చుక్కలు, ఎవరో సిరా విదిలించినట్టు. ఒక కణంలో ఉంటే పొరపాటనుకోవచ్చు. పలక జరిపినచోటల్లా కనిపించాయి, సీసం ఎక్కిన రక్తానికి అదే గుర్తు. సార్ వచ్చి చూశారు. ఎవరిది అని అడిగారు. చెప్పాను. ఆయన తన జేబులోంచి రిక్షాకు డబ్బులు తీసి నా చేతిలో పెట్టి, "ముందు మీ నాన్నగారి దగ్గరికి వెళ్లు" అన్నారు.

బాపు దుకాణంలో ఒక బ్యాటరీకి మూత బిగిస్తున్నాడు. నేను నిలబడే మొత్తం చెప్పేశాను. చుక్కలు, తొట్టి, మడ్డి, అన్నీ. ఆయన చేతిలో డాంబర్ గిన్నె పక్కన పెట్టాడు.

"మడ్డి తొట్ల ఎవలేసిన్రు?"

"అమ్మ. నేనే ఎయ్యమన్న బాపూ. బస్సుకు ఉరుకుతున్న, సోయి లేకుంట అన్న."

"గది ఇసమని మీ అమ్మకు తెల్సా?"

"తెల్వదు."

ఆయన కాసేపు తన చేతుల వైపు చూసుకున్నాడు. "తెలువనియ్యకు. తన చేతితోని ఏసిందని తెలిస్తె మీ అమ్మ బతకది. దాని సంగతి నాకెర్కే" అని లేచి షట్టర్ దించాడు.

మూసీ పక్కన పెద్దాసుపత్రిలో పిల్లను చేర్చుకున్నారు. ఇంట్లో ఎవరైనా సీసం పని చేస్తారా అని డాక్టరమ్మ అడిగింది. నేను నోరు తెరిచేలోపే బాపు ముందుకొచ్చాడు. "నేనే జేస్తనమ్మా. దుకాణంల సీసం మడ్డి దెచ్చి తొట్ల బోసిన. తెల్వక బోసిన. పిల్ల తిన్నది." పక్కన చంటివాణ్ని ఎత్తుకుని అక్క, ఆ పక్కన అమ్మ. ఇద్దరూ విన్నారు.

అమ్మ అందరి ముందే ఆయన మీద విరుచుకుపడింది. "నీకు బుద్ధున్నదా? మంచి మట్టి, నా చేతులార ఎరువేసి పెంచుకున్న తొట్టి! గండ్ల దీస్కపోయి ఇసం బోస్తవా? ముసలోడివైనవ్, సోయి లేదా?" అని ఏడుస్తూ రొమ్ము బాదుకుంది. బాపు తల దించుకుని నిలబడ్డాడు. అక్క ఏడవలేదు. చాలా నెమ్మదిగా ఒక్కమాట అంది. "ఇంకోపారి ఆ చేతులతోని నా బిడ్డను ముట్టకు బాపూ."

నేను అక్కడే ఉన్నాను. గోడకు ఆనుకుని, ఓణీ కొంగు నోట్లో కుక్కుకుని నమిలాను.

రోజూ ఇంజెక్షన్లు. పిల్ల ఏడుపు వరండా చివరిదాకా వినపడేది. బాపు వార్డులోకి వచ్చేవాడు కాదు. కింద మెట్ల మీద కూర్చుని, నేను దిగినప్పుడల్లా "ఏమన్న తిన్నదా?" అని అడిగేవాడు. తినడం మొదలుపెట్టింది. రక్తంలో చుక్కలు తగ్గుతూ వచ్చాయి. వేళకు పట్టుకున్నారు, గండం గడిచిందంది డాక్టరమ్మ. పలకల పని ఇంట్లో ఆగిపోయింది. బాపు మూసీ అవతల ఎవరిదో షెడ్డు అద్దెకు తీసుకున్నాడు. నీ రక్తం కూడా చూస్తానని ఆయన వేలు పట్టుకుంటే లాక్కున్నాడు. "నాది జూసి ఏం జేస్తవ్? దుకాణం బంద్ జేస్తనా?"

ఆసుపత్రి నుంచి పిల్ల రాకముందే తొట్టిలో మట్టి, డ్రమ్ములో మడ్డి బాపూ నేనూ గోకి తీశాం. తీశాం సరే, ఎక్కడ పోయాలి? మోరీలో పోస్తే మూసీకి పోతుంది. కుప్పలో వేస్తే ఇంకొకరి పిల్ల తింటుంది. పాతిపెడదామంటే ఎవరి బావి పక్కన పాతాలి? సార్ ప్రశ్న నాకు ఆ రోజు అర్థమైంది. చివరికి బాపు పాత లారీ బ్యాటరీ పెట్టెలు మూడు తెచ్చాడు. పలకలు ఉండాల్సిన అరల్లో మడ్డి కూరి, మూతలు పెట్టి, అంచుల వెంట వేడి డాంబర్ పోసి సీలు చేశాడు. ఇరవై ఏళ్లుగా చేసిన పని. చల్లారాక మూడింటినీ దుకాణం లోపలి మూలన పెట్టి గోనె కప్పాడు.

అక్క వెళ్లిపోయే రోజు వచ్చింది. వాకిట్లో రిక్షా ఆగింది. అమ్మ బొట్టు పెట్టి చీర పెట్టింది. బాపు దూరంగా, సైకిల్ దగ్గర నిలబడ్డాడు. రిక్షా ఎక్కించబోతే పిల్ల అక్క చెయ్యి విదిలించుకుని, లక్క గాజులు గలగలలాడించుకుంటూ ఆయన దగ్గరికి ఉరికి, రెండు చేతులూ పైకెత్తింది. ఎప్పుడూ ఎత్తుకునే మనిషే కదా.

బాపు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

పిల్లకు అర్థం కాలేదు. ఆడుకుంటున్నాడనుకుని వెనక్కి తిరిగి ఆయన చేతులు వెతికింది. ఆయన ఇటు తిరిగాడు. అది అటు పోయింది. ఆయన మళ్లీ తిరిగాడు. అక్క వచ్చి పిల్లను ఎత్తుకుని పోయింది. రిక్షా మలుపు తిరిగేదాకా ఏడుపు వినిపించింది.

అమ్మ లోపలికి వెళ్లాక నేను ఆయన దగ్గరికి పోయాను. "బాపూ, నేను అక్కకు జెప్త. ఉత్తరం రాస్త."

"ఏమని రాస్తవ్? మీ అమ్మ ఏసిందని రాస్తవా? నువ్వు ఎయ్యమన్నవని రాస్తవా?" అప్పుడు గానీ చేతులు ముందుకు తియ్యలేదు. తీసి, అరచేతులు తెరిచి నాకు చూపించాడు. "నా చేతులెట్లాగు నల్లగనే ఉన్నయ్ బిడ్డా. ఇంకింత నలుపైతె ఎవలకు కనబడతది? నువ్వు ఫికర్ జెయ్యకు. బస్సుకు టైమైతుంది, పో."

నేను పోయాను. అదీ నా సిగ్గు. పరుగెత్తాను.

ఆ తర్వాత బాపు ఎనిమిదేళ్లు బతికాడు. అక్క పండగలకు వచ్చేది, పలకరించేది, కానీ పిల్లల్ని ఆయన ఒళ్లో కూర్చోనిచ్చేది కాదు. ఆయన కూడా చేయి చాచేవాడు కాదు. చివరి ఏడాది సీసం నరాలకెక్కి ఆయన కుడి మణికట్టు వాలిపోయింది, పానా ఎత్తలేకపోయాడు. దుకాణం ఖాళీ చేసినప్పుడు ఆ మూడు పెట్టెలూ నేను తెచ్చుకున్నాను. అప్పటి నుంచి నాలుగు ఇళ్లు మారాను, అవీ నాతోనే మారాయి. ఎక్కడ పారేయాలో ఈ రోజుకీ నాకు తెలియదు.

అమ్మ పోయిన ఏడాది పోయింది. పుదీనా తొట్టిలో విషం పోశాడని బాపును చివరిదాకా తిడుతూనే, తలుచుకుని ఏడుస్తూనే పోయింది. ఇక ఎవరి కోసం దాచాలి?

నేను రాసినది అచ్చయితే అందరికంటే ముందు అక్కే చదువుతుంది. ఫోన్ చేసి తప్పులు చెబుతుంది. ఈసారి నువ్వు ఫోన్ చేసేదాకా నేను ఇక్కడే, ఈ కుర్చీలోనే కూర్చుని ఉంటాను అక్కా. ఆ మడ్డి బాపు పొయ్యలేదు. అమ్మ పోసింది. చెట్లకెయ్ అన్నది నేను.